ఆనవాలు

సోమ, బుధ, శుక్రవారాలు
నా కణాలకు అన్నం పెట్టే రోజులు.
గులాబీ రంగు ద్రవం, ముప్పై ఏడు డిగ్రీల వెచ్చదనం,
మూత తీస్తే ఊపిరి కూడా తగలకూడదు.
సండర్లాండ్‌లో మంచు పడినా, బస్సులు ఆగినా
వియర్ వంతెన మీంచి నడిచొచ్చి పెట్టాల్సిందే.
పసిపిల్లల్ని సాకినట్టు, అంటాడు మా బాస్.
కాదు. నేను సాకేది ముసలితనాన్ని.
పన్నెండు వారాల్లో, అరచేతంత పళ్ళెంలో
ఎనభై ఏళ్ళు ముదరబెడుతున్నాను.

రెటీనా అడుగున ఒకే ఒక్క వరస కణాలివి.
వెలుతురు తిన్న పొర విదిల్చే చెత్తని
రోజూ ఊడ్చి ఎత్తేవి.
వాటికి అలుపొస్తే
ఊడవని మూలల్లో పసుపు చుక్కలు పేరుకుంటాయి.
ఆ చుక్కల్లో దొరికిందే
మతి తప్పిన మెదడులోనూ దొరికింది:
అమిలాయిడ్, మడత తప్పిన ప్రోటీన్ ముక్క.
అది దొంగో,
దొంగలు పడ్డ ఇంటికి ఆలస్యంగా వచ్చిన చుట్టమో
ఇంకా ఎవరూ తేల్చలేదు.

సందర్శకుల రోజున వచ్చింది విన్నిఫ్రెడ్ థర్ల్‌బెక్.
ఎనభై మూడు. ఊదారంగు కోటు, ఒక గుండీ తప్పు కాజాలో.
భర్త నార్మన్ చెయ్యి పట్టుకుని వచ్చింది,
ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారో చెప్పడం కష్టం.
ఆవిడకి చూపు నడిమధ్య లేదు.
పొడి రకం. సూదిమందు దాని జోలికి పోదు.
గడియారం అంచు కనిపిస్తుంది, ముళ్ళు కనబడవు.
తలుపు కనిపిస్తుంది, తలుపు తీసిన మొహం కనబడదు.
నార్మన్‌కి అన్నీ కనిపిస్తాయి.
అట్ట మీద ఆఖరి వరస చీమతలల దాకా చదివేస్తాడు.
నా బ్యాడ్జీ మీద హైమవతి అని కూడబలుక్కుని చదివి
పక్కనున్నావిడ వైపు తిరిగి
"ఈవిడ కూడా ఇక్కడే పని చేస్తుందా?" అన్నాడు.

"యాభై ఎనిమిదేళ్ళుగా," అంది ఆవిడ.

మా భాషలో ఒక మాటుంది, ఆవిడకి చెప్పలేకపోయాను.
కళ్ళు ఆనడం లేదు, అంటాం.
చూపు పిట్టయినట్టు,
దానికి వాలే కొమ్మ దొరకనట్టు.
ఆవిడ చూపు మనిషి దాకా వచ్చి ఆనదు.
ఆయన చూపు ఆనుతుంది,
ఆనవాలు పట్టదు.

తెర మీద ఆవిడ కంటి స్కాన్ పెట్టాను.
పూతరేకులా పొర మీద పొర,
అడుగు పొర కింద చిన్న చిన్న గుట్టలు.
మొహం పక్కకి తిప్పి, చూపు అంచుతో తడిమి
"బుడగలు," అంది.

గాజు కార్ఖానాలో ముప్పై ఒక్క ఏళ్ళు అదే పని.
బెల్టు మీద వచ్చే గిన్నెని దీపానికెత్తి
బుడగుందా, జీరుందా చూడటం.
"కొత్తవాళ్ళు గిన్నెని తిట్టేవాళ్ళు.
నేను కొలిమి దగ్గరికెళ్ళి అడిగేదాన్ని,
రాత్రి మంట ఎవరు చూశారు అని."

నాలుగేళ్ళుగా చుక్కలు లెక్కపెడుతున్నదాన్ని.
ఆ సాయంత్రం నోటుపుస్తకంలో, లెక్కల పక్కన
రాత్రి మంట ఎవరు? అని రాసుకున్నాను.
దానికి గ్రాంటు రాదు.
అయినా మరుసటి వారం నుంచి
చుక్క పుట్టకముందే, మూడో రోజు నుంచే
కణాలు తిన్నదెంత, పారబోసిందెంత
కొలవడం మొదలుపెట్టాను.

"మందు ఎప్పటికి?" అనడిగింది వెళ్ళే ముందు.
అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.
"మీకైతే రాదండీ," అన్నాను.
"తెలుసు. అందుకేగా సంతకాలు పెట్టింది.
నా కళ్ళు మీకు. ఆయన మెదడు న్యూకాజిల్‌కి.
మెట్రోలో అరగంట. మరీ దూరమేం కాదు."

గుమ్మం దగ్గర నార్మన్ ఆగాడు.
ఆవిడ కోటుకి తప్పిన గుండీని
తీసి, సరైన కాజాలో పెట్టాడు.
వేళ్ళకెవరు చెప్పారో.
ఆవిడ కదల్లేదు.
గోడ మీద ముళ్ళు లేని గడియారం వైపు
చూస్తూ నిలబడింది.

ఇవాళ శుక్రవారం.
మూత తీస్తున్నాను,
ఊపిరి బిగబట్టి.